టీచరమ్మగారి ఫ్రిజ్, నా కుండ

నాకు ఫ్రిజ్ అంటే కోపం. ఇప్పటికీ పోలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాట్‌లో రెండు తలుపుల ఫ్రిజ్ ఒకటి గుర్రుమంటూ నిలబడి ఉంటుంది. అందులో కూరగాయలు పెడతాను, పెరుగు పెడతాను, మిగిలిన పప్పు పెట్టి మర్చిపోతాను. నా మందు మాత్రం పెట్టను. చూసినవాళ్లు విచిత్రంగా చూస్తారు. చూడనివ్వండి. ఒకసారి నా ప్రాణం ఫ్రిజ్‌లో పెట్టి చూశాను, చాలు.

మాది పామర్రు. నాన్న దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. శుక్రవారం మసీదుకు వెళ్లే కుటుంబమే గాని మా ఇంట్లో ఉర్దూ ముక్క ఎవరికీ రాదు. నమాజు అరబ్బీలో, మిగతా తిట్లూ దీవెనలూ అన్నీ తెలుగులోనే. తొంభైలు మొదలైన కొత్తల్లో, తొమ్మిదో తరగతి చదువుతుండగా, నేను ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలుపెట్టాను. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి నాన్న నన్ను విజయవాడలో పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పరీక్షలు చేయించి షుగరన్నారు.

అమ్మ ససేమిరా నమ్మలేదు. "షుగరు పెద్దోళ్లకి గదండీ వచ్చేది. ఇది ఇంకా పరికిణీలు కట్టుకునే పిల్ల" అంది.

పిల్లలకు వచ్చే షుగరు వేరని, ఒంట్లో తయారవ్వాల్సిన ఇన్సులిన్ ఈ పిల్ల ఒంట్లో తయారవ్వడం లేదని, రోజూ రెండు పూటలా సూదితో ఎక్కించుకోవాలని, మానేస్తే బతకదని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. మేం లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచి, "ఫ్రిజ్‌లో పెట్టండమ్మా, ఎండకి పాడైపోతుంది" అన్నారు. సూదికి నేను భయపడలేదు. ఆ చివరి మాటే నా మెడకు పలుపుతాడైంది.

మా వీధి మొత్తానికి అప్పట్లో ఒకటే ఫ్రిజ్. ఎదురింటి టీచరమ్మగారిది. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. ముందు గదిలో ఆ ఫ్రిజ్‌కు అల్లికల గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలు పెట్టి, పెళ్లికూతురిలా నిలబెట్టి ఉంచేవారు. అమ్మ వెళ్లి వాకిట్లో నిలబడి మొహమాటపడుతూ అడిగితే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పిల్ల ప్రాణం కంటేనా? తీసుకురండి" అని మూతున్న చిన్న స్టీలు డబ్బా ఒకటి తీసి ఇచ్చారు. ఆ మంచితనాన్ని నేను కాదనను. దాని కింద నేను ఎంత నలిగానో కూడా దాచను.

పొద్దున, సాయంత్రం రోడ్డు దాటాలి. చెప్పులు విప్పి అరుగు మీద నిలబడాలి. వాళ్లు భోజనాల్లో ఉంటే ఆగాలి, కునుకు తీస్తుంటే ఆగాలి, చుట్టాలు వస్తే వాళ్లందరి ముందూ "షుగరు పిల్ల వచ్చింది" అనిపించుకోవాలి. టీచరమ్మగారు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టేవారు. ఇంటికి తెచ్చి, అమ్మ గాజు సిరంజిని మరిగించి సూది వేశాక, డబ్బా మళ్లీ రోడ్డు దాటేది. నా ఒంట్లోకి వెళ్లే మందు నా ఇంట్లో ఉండదు. నేను ఎక్కడికి వెళ్లినా సాయంత్రానికల్లా ఆ ఫ్రిజ్ దగ్గరికి తిరిగి రావాలి. స్కూలు పిల్లలందరినీ కూచిపూడి తీసుకెళ్లి, రాత్రి డాన్సు చూపించి, అక్కడే పడుకోబెడితే, నేను మాత్రం గజ్జెల చప్పుడైనా వినకుండా సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేశాను. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడవలేదు, పళ్లు కొరుక్కున్నాను.

చుట్టాల సంగతి వేరే చెప్పాలి. మందు పెట్టె మీద తేదీ వేసినట్టు నా మీద కూడా తలా ఒక తేదీ వేసేవారు. ఇరవై దాటదని ఒకరు, కళ్లు పోతాయని ఒకరు. నా ఎదురుగానే, నాకు చెవులు కూడా లేనట్టు మాట్లాడేవారు. చదివించడం దండగని నాన్నకు చెప్పినవాళ్లున్నారు. వాళ్లందరి తేదీలూ దాటిపోయాయి. నేను ఇక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను.

అప్పట్లో మాకు దొరికే ఇన్సులిన్ జంతువుల నుంచి తీసినదే. పశువుల నుంచి తీసింది ఒకటి, పందుల నుంచి తీసింది ఒకటి. ఈ సంగతి ఎక్కడో విని మా మామయ్య పనిగట్టుకుని ఇంటికొచ్చాడు. "అసలది దేన్నించి తీస్తారో కనుక్కున్నావా?" అని అమ్మను నిలదీశాడు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, "నా బిడ్డ ఊపిరి నిలబెట్టేది ఏదైనా నాకు హలాలే. నువ్వు అన్నం తిని వెళ్లు" అంది. ఆ విషయం మా ఇంట్లో అక్కడితో అయిపోయింది.

ఎదురింట్లో అంత తేలిగ్గా అవ్వలేదు. ఆ వేసవి సెలవులకు టీచరమ్మగారి ఆడపడుచు బందరు నుంచి వచ్చారు. చదువుకున్న మనిషి. మజ్జిగ కోసం ఫ్రిజ్ తీసి, డబ్బా తెరిచి, పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాలు చదివారు. ఆ వారం మాకు దొరికిన మందు పశువులది. పాల పక్కన, పెరుగు పక్కన, దేవుడికి నైవేద్యం పెట్టే పళ్ల పక్కన ఇదేమిటని ఆమె ఇల్లు పీకి పందిరేశారట. ఇదంతా నాకు తర్వాత టీచరమ్మగారే చెప్పారు. పాపం, ఆమె ఏం చేస్తారు? తీసెయ్యమంటే పిల్ల ప్రాణం, ఉంచుదామంటే ఆడపడుచు. ఆలోచించి ఆలోచించి ఇద్దరికీ నొప్పి తగలకుండా ఒక దారి కనిపెట్టారు. ఫ్రిజ్ లోపల పైన, ఐసుగడ్డలు కట్టే ఫ్రీజర్ ఉంటుంది కదా, దానికి వేరే చిన్న తలుపుంటుంది. డబ్బాను అందులో పెట్టారు. అక్కడైతే దేనికీ అంటదు. పైగా చల్లదనం మంచిదన్నప్పుడు ఇంకాస్త చల్లదనం ఇంకాస్త మంచిదే కదా అనుకున్నారు.

సాయంత్రం నేను వెళ్లేసరికి సీసా రాయిలా ఉంది. "కాస్త ఎక్కువ చల్లబడినట్టుందే, ఏం కాదులే" అన్నారామె, నా కళ్లలోకి చూడకుండా. ఇంటికొచ్చి అరచేతుల మధ్య పెట్టుకుంటే కరిగింది. మామూలుగా ఆ మందు పల్చటి పాలలా తెల్లగా ఉంటుంది. ఈసారి విరిగిన పాలలా పలుకులు పలుకులుగా తేలింది, కొంత సీసా గోడకు అంటుకుంది. అమ్మ దాన్ని అటూ ఇటూ దొర్లించి, వెలుతురులో చూసి, ఫ్రిజ్‌లోంచి వచ్చినదే కదా అని సూది వేసింది. ఫ్రిజ్ మీద మా నమ్మకం అలాంటిది. సీసా ఆ రోజు నుంచి ఫ్రీజర్‌లోనే ఉంది.

ఇంట్లో షుగరు చూసుకోవడానికి మాకు అప్పుడున్నది నీలం మందు ఒక్కటే. పరీక్ష గొట్టంలో ఆ నీలం ద్రావణం పోసి, మూత్రం చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద మరిగిస్తే, షుగరు లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఎక్కువైతే పసుపు, మరీ ముదిరితే ఇటుకరాయి రంగు. ఆ సీసా వాడడం మొదలుపెట్టాక గొట్టం ప్రతిసారీ ఎర్రబడింది. అందరి చూపూ నా మీదికే మళ్లింది.

"జీళ్లు తిన్నావా?" అంది అమ్మ.

"తినలేదు."

"మామిడిపండ్ల కాలం, నోరు కట్టుకోలేకపోయుంటుంది" అన్నారు టీచరమ్మగారు, సానుభూతిగానే.

"తినలేదండీ. ఒట్టు."

ఎవరూ నమ్మలేదు. అమ్మ బెల్లం డబ్బాకు తాళం వేసింది. ఇది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒంట్లో బాగోలేకపోతే ముందు తప్పు రోగిదే. మందును ఎవరూ అనుమానించరు, అది ఎక్కడున్నదో అడగరు. నాలుక తడారిపోయి, కడుపులో తిప్పుతూ, నేను జీళ్లు తినలేదని అరుస్తూనే ఉన్నాను. చివరికి అరవడానికి కూడా ఓపిక లేక వాంతులు చేసుకుని పడిపోయాను. నాన్న టాక్సీ మాట్లాడి విజయవాడ పరుగెత్తించాడు. షుగరు ముదిరి నా ఊపిరి పండిన పండు వాసన వేస్తుంటే అమ్మ దారంతా ఏడ్చిందట.

సెలైన్లు ఎక్కి, కళ్లు తెరిచి మాట్లాడే స్థితికి వచ్చాక డాక్టరుగారు నా మంచం పక్కన నిలబడి, నాన్న జేబులోంచి పెట్టెతో సహా సీసా తీయించి కిటికీ వెలుతురుకు పట్టి చూశారు.

"ఇది గడ్డకట్టిందా?"

"ఫ్రిజ్‌లోనే పెట్టామండీ, మీరు చెప్పినట్టే" అన్నాడు నాన్న, నేరం చేసినవాడిలా.

"ఫ్రిజ్‌లో వేరు, ఫ్రీజర్‌లో వేరండీ. ఎండ దీన్ని మెల్లమెల్లగా పాడుచేస్తుంది. మంచు ఒక్క దెబ్బకే పాడుచేస్తుంది. కరిగాక మళ్లీ మందులా కనిపిస్తుంది గానీ పనిచేయదు. ఇన్నాళ్లూ ఈ పిల్ల పొడిపించుకున్నది నీళ్లతో సమానం." అని పెట్టె మీది తేదీ చూపించారు. "ఈ తేదీకి ఇంకా చాలా గడువుంది చూడండి. కానీ అది చెప్పినట్టు ఉంచితేనే చెల్లుతుంది. సరిగ్గా ఉంచకపోతే తేదీ ఏం చేస్తుంది?"

నేను దిండు మీదనుంచి తల తిప్పి, "నేను జీళ్లు తినలేదు" అన్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన నవ్వి నా తల నిమిరారు. వాడుతున్న సీసాను ఫ్రిజ్‌లోనే పెట్టనక్కర్లేదని, చల్లటి నీడన ఉంచితే నెలరోజుల దాకా పనిచేస్తుందని చెప్పారు. "మరి ఫ్రిజ్‌లోనే పెట్టాలని ఎందుకు చెప్పారండీ?" అని అడిగాను. అడిగిన తీరుకు నాన్న కంగారుపడ్డాడు. "మన కృష్ణా జిల్లా ఎండల్లో చల్లటి నీడ ఎక్కడుందమ్మా, చూపించు" అన్నారాయన.

చూపిస్తాననుకున్నాను. అంత నీరసంలోనూ నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

ఇంటికొచ్చిన రోజే కొత్త సీసా పట్టుకుని అమ్మ గడప దాటబోతే అడ్డంగా నిలబడ్డాను. ఇంక ఆ ఫ్రిజ్‌లో పెట్టనన్నాను. అమ్మ తిట్టింది, బతిమాలింది, నెత్తి కొట్టుకుంది. నేను వినలేదు. మంచినీళ్ల కుండ మా ఇంట్లో మే నెలలో కూడా పళ్లు జిల్లుమనేలా నీళ్లిస్తుంది. నీళ్లను చల్లబరిచేది సీసాను చల్లబరచదా? పెద్ద కుండలో చిన్న కుండ దించి, రెంటి మధ్యా కాలవ ఇసుక పోసి తడిపాను. చిన్న కుండలో నీళ్లు పోయకుండా, మూత గట్టిగా పట్టే డబ్బాలో సీసా పెట్టి దించి, పైన తడి గోనెగుడ్డ కప్పాను. వంటింటి ఉత్తరపు కిటికీ కింద, ఎండ పడనిచోట, గాలి ఆడేచోట పెట్టాను. సెలవులైనా స్కూలు ల్యాబు తీయించి, థర్మామీటరు అడిగి తెచ్చి పగలంతా లోపలా బయటా చూస్తూ కూర్చున్నాను. బయట వడగాలి తలుపులు కొడుతుంటే లోపల శీతాకాలం పొద్దులా ఉంది. ఇసుక ఆరిపోతే మాత్రం కుండ ఉత్త కుండే. పొద్దున, సాయంత్రం తడపాలి, మర్చిపోకూడదు. ఆ పని ఎవరికీ అప్పగించలేదు.

నాన్న ఒకరోజు పరుపు కుట్టగా మిగిలిన గుడ్డతో, లోపల ఏకిన దూది దట్టంగా కూరి, చిన్న దిండులాంటి సంచి కుట్టి నా ఒళ్లో పడేశాడు. "బస్సులో పోయేటప్పుడు ఇందులో పెట్టుకో, ఎండ తగలదు" అన్నాడు. బస్సులో ఎక్కడికి పోతానని అడగలేదు. ఆ మాటకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోహిణి కార్తె ఎండలు మొత్తం ఆ సీసా కుండలోనే గడిపింది. గొట్టం నీలంగానే ఉంది. ఒక్క రోజు ఆకుపచ్చగా మారితే నేనే ముందుగా చెప్పాను, బంగినపల్లి ముక్క ఒకటి తిన్నానని. రోగి మాట నమ్మితేనే కదా, అవసరమైనప్పుడు మందును అనుమానించేది.

నేను రావడం మానేశానని టీచరమ్మగారే ఒకరోజు మా అరుగు దాకా వచ్చారు. ఆమె ఎప్పుడూ అరుగు దాటి లోపలికి వచ్చింది లేదు. ఎందుకు రావడం లేదే అని అడిగితే నేను మొహం మీదే అన్నాను. "మీ ఫ్రిజ్‌లో పెట్టుకుని చచ్చే కంటే మా కుండలో పెట్టుకుని బతుకుతానండీ."

అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది. టీచరమ్మగారు అరుగు మీద కూలబడి, అప్పుడే ఆడపడుచు సంగతంతా చెప్పారు. "నేను మంచికే చేశాననుకున్నానే" అని కళ్లొత్తుకున్నారు. అమ్మ మజ్జిగ ఇవ్వబోయి, ఆమె మా ఇంట తాగరని గుర్తొచ్చి ఆగిపోయింది. నాకు జాలి కలిగింది. కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండవచ్చని అప్పుడే తెలిసింది.

ఇంటరు అయ్యాక విజయవాడలో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతానన్నాను. కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్ సీటు మాత్రం వార్డెన్ గారి దగ్గర ఆగింది. ఆమె నాన్నను కూర్చోమన్నారు, నన్ను తేరిపార చూశారు.

"మా హాస్టల్లో ఫ్రిజ్ లేదండీ. నా గదిలో ఉంది గానీ, అందులో ఇలాంటివి పెట్టనివ్వను. రేపు ఏదైనా అయితే ఎవరిది బాధ్యత? పిల్లని ఇంటి దగ్గరే ఉంచుకోండి."

నాన్న లేవబోయాడు. ఎక్కడైనా కాదంటే లేచి రావడం ఆయనకు అలవాటు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. దూది సంచి విప్పి సీసా తీసి ఆమె బల్ల మీద పెట్టాను. కాళ్ల దగ్గరున్న కుండలు రెండూ ఎత్తి దాని పక్కన పెట్టాను. బల్ల మీద ఇసుక రాలింది.

"నాకు మీ ఫ్రిజ్ వద్దండీ. నేను అడగలేదు. ఎండ పడని కిటికీ ఒకటి చాలు" అన్నాను.

"ఎవరైనా చూస్తే బాగుండదు. సూదులవీ ఆడపిల్లల మధ్య..."

"అందరి ముందే పొడుచుకుంటానండీ. నాకేమైనా అయితే ఏం చెయ్యాలో నా గదిలో వాళ్లకు తెలియాలి గదా."

ఆమె కుండ లోపల చెయ్యి పెట్టి చూశారు. చల్లదనానికో, నా మొండితనానికో, చివరికి మెట్ల కింద గది ఒకటి ఇచ్చారు. ఎవరూ కోరుకోని గది అది, ఎండ మొహం చూడదు. ఆ హాస్టల్లో అంతకన్నా మంచి గది నాకు లేదు. మొదటి నెలలోనే గదిలో పిల్లలు వంతులేసుకుని ఇసుక తడపడం నేర్చుకున్నారు. సినిమాలకు వెళ్లాను, పెళ్లిళ్లకు వెళ్లి మూడు రోజులున్నాను, కూచిపూడి వెళ్లి తెల్లవార్లూ డాన్సు చూసి వచ్చాను. దూది సంచి నా ఒళ్లోనే ఉంది. చదువు పూర్తయ్యాక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం వచ్చింది. గుడ్డులో తెల్లసొన ఉడికితే మళ్లీ పల్చబడనట్టే, ఇన్సులిన్ కూడా ఒకసారి చెడితే తిరిగి రాదని పాఠం చెబుతున్నప్పుడల్లా నా గొంతు కొంచెం పెరుగుతుంది. పిల్లలకు కారణం తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఒక వేసవి. సెలవులకు పామర్రు వచ్చి ఉన్నాను. కుండ మామూలుగానే వంటింటి కిటికీ కింద ఉంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటున్నారు గానీ కరెంటు రాలేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ ఉంది. ప్రతి ఇంటి ముందూ ఫ్రిజ్‌లోంచి కారిన నీళ్లు పిండిన గుడ్డలు ఆరుతున్నాయి.

మిట్టమధ్యాహ్నం టీచరమ్మగారు రోడ్డు దాటి రావడం కిటికీలోంచి చూశాను. రిటైరై చాలా కాలమైంది. కొంగు నెత్తిన వేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నారు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. నాకు తెలిసిన డబ్బానే. ఆమెకూ షుగరని, ఈమధ్యే సూది మొదలుపెట్టారని అమ్మ అప్పటికే చెప్పింది.

మా అరుగు దగ్గర చెప్పులు విప్పారు. అక్కడ ఆగలేదు. ముందు గది దాటి వంటింటి గుమ్మం దాకా వచ్చేశారు. పొయ్యి మీద మాంసం కూర ఉడుకుతోంది. అమ్మ కంగారుగా మూత పెట్టబోయింది.

"ఉండనీవమ్మా" అన్నారు టీచరమ్మగారు. తర్వాత నా వైపు తిరిగి డబ్బా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. "ఏవే, నీ కుండలో కాస్త చోటుందా?"

నేను ఆమెను అలాగే కాసేపు నిలబెట్టాను. ఆ అరుగు మీద నేను నిలబడిన పొద్దులన్నిటికీ ఆ మాత్రం నిలబెట్టడం నాకు న్యాయంగానే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఇప్పుడొచ్చే మందు ఫ్యాక్టరీలో చేసిందండీ. ఏ జంతువుదీ కాదు" అన్నాను.

"అది నేనడిగానా?" అన్నారామె.

నాకు నవ్వొచ్చింది. లేచి తడి గోనెగుడ్డ తొలగించాను. సీసా అందుకోబోయి ఆగి, "మీ చేత్తోనే పెట్టండి" అన్నాను. ఆమె వంగి, గాజుల చెయ్యి కుండలోకి దించి, ఆ చల్లదనానికి ఒక్కసారి ఉలిక్కిపడి, తన సీసాను నా సీసా పక్కన పెట్టారు. తర్వాత చెంబు అడిగి తీసుకుని ఇసుక తడిపారు.